మచ్చకు తగిన లెన్సు

మా అమ్మాయి నీరజాక్షి ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉందని పదో తరగతి సర్టిఫికెట్టులో రాసి ఉంది. ఆ మచ్చ దేవుడు పెట్టింది కాదు, నేను పెట్టింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి మా ఇంట్లో ముగ్గురికే తెలుసు. ఇప్పుడు విత్తన నాణ్యతా మండలి వారు ఫైలులో ఎక్కించి, నంబరు వేసి, నా చేత సంతకం కూడా పెట్టించుకున్నారు కాబట్టి బయటికి చెప్పుకోవడానికి నాకు భయం లేదు. అంటే, ఈ ఒక్క విషయంలో భయం లేదు.

పిల్ల పుట్టినప్పుడు చూడ్డానికి వచ్చిన వాళ్ళంతా "ఎంత ముద్దుగా ఉందో" అన్నారు. అలా అన్నవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టుకుని ఆ రాత్రంతా నిద్రపోలేదు నేను. మర్నాడు ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి కాటుక పట్టాను. ఉంగరం వేలితో ఎడమ బుగ్గ మీద ఒక చుక్క పెట్టాను. అది మొదలు పదహారేళ్ళు, ప్రతి పొద్దూ, అదే వేలు, అదే చోటు. మధ్యలో ఒక్కరోజు మరిచిపోతే, ఆ రోజే మా వీధిలో గేదె పొడిచింది. పొడిచింది పక్కింటాయన్నే అనుకోండి. కానీ పొడిచేటప్పుడు మా అమ్మాయి వైపు చూసిందని చూసినవాళ్ళు చెప్పారు.

పదో తరగతిలో పరీక్ష ఫారాలు నింపే రోజు వాళ్ళ డ్రిల్లు మాస్టారు వరండాలో కుర్చీ వేసుకుని డెబ్భై మందిని వరసలో నిలబెట్టారు. మనిషికి రెండు పుట్టుమచ్చలు రాయాలి. అన్నం గంట కొట్టేలోపు నూట నలభై మచ్చలు తేల్చాలి. ఉన్నవాళ్ళకు ఉన్నవి రాశారు, లేనివాళ్ళకు "కుడి చేతి మీద" అని రాశారు. మా అమ్మాయికి మోచేతి దగ్గర ఒకటి నిజంగానే ఉంది. రెండోదాని కోసం పిల్ల తడుముకుంటుంటే ఆయన తలెత్తి, "మొహం మీద పెట్టుకుని ఊరంతా వెతుకుతావేందమ్మా" అని బుగ్గ మీది చుక్క రాసుకున్నారు. అది దిష్టి చుక్క అని అంతమందిలో చెప్పడానికి దానికి సిగ్గేసింది. ఇంటికొచ్చి చెప్పి ఏడ్చింది. నేను మాత్రం సంతోషపడ్డాను. బడి మాస్టారే నిజం అనుకున్నారంటే ఇక చెడుకళ్ళ వాళ్ళు ఏం కనిపెట్టగలరు?

ఇంటర్లో చేరగానే "ఇంక పెట్టొద్దు, కాలేజీలో నవ్వుతున్నారు" అంది. మానేశాను. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు చుక్క సంగతి నేను కూడా మరిచిపోయాను.

మొన్న వేసవిలో దానికి జిల్లా కేంద్రంలోని విత్తన నాణ్యతా మండలిలో ప్రయోగశాల సహాయకురాలి ఉద్యోగం వచ్చింది. విత్తనాలు మొలకెత్తేవో కాదో చూసి చెప్పే పని. మూడేళ్ళు చదివింది దానికోసం. జాబితాలో దాని పేరు చూసిన సాయంత్రం మా ఆయన బసవపున్నయ్య బస్సు డిపో నుంచి గ్రీజు చేతులతోనే వచ్చి దాని తల నిమిరారు. తల స్నానం మళ్ళీ చేయాల్సి వచ్చింది కానీ అది ఏమీ అనలేదు. పదో రోజున ఉత్తరం వచ్చింది.

"అభ్యర్థి ధ్రువపత్రమునందలి గుర్తింపు చిహ్నములు దేహమునందు యథాస్థానమున ఉన్నవియో లేవో సూక్ష్మచిత్రము ద్వారా నిర్ధారింపబడును. నెల దినములలో నిర్ధారణ కానిచో ఎంపిక రద్దగును. తదుపరి అభ్యర్థి పిలువబడును."

"అంటే ఏందే?" అన్నాను.

"పుట్టుమచ్చలు దగ్గరగా ఫొటో తీసి చూస్తారంట అమ్మా. లేకపోతే ఉద్యోగం నా తర్వాత ఉన్నవాళ్ళకి ఇచ్చేస్తారంట."

నా చేతిలో చాట ఉంది. చాటలో మినపగుళ్ళు ఉన్నాయి. తర్వాత లేవు.

మా ఆయన వంగి గుళ్ళు ఏరుతూ, "నేను బిగించిన బోల్టు ఆర్నెల్లు నిలవదు. నువ్వు పెట్టిన చుక్క చూడు, గవర్నమెంటు దాకా పోయింది" అన్నారు. ఆయనకు అన్నీ వేళాకోళాలే. నేను అప్పటికే మా అమ్మాయిని పోలీసు జీపులో, నన్ను ఆ జీపు వెనకాల పరిగెత్తుతూ చూసేశాను.

మచ్చలు ఎందుకు చూస్తున్నారంటే, ఎక్కడో ఎవరో ఒకరి బదులు ఇంకొకరు పరీక్ష రాశారట. దాంతో మండలి వారికి భయం పట్టుకుంది. వచ్చినవాడు వాడేనా? వాడే అయితే వాడి మచ్చ వాడిదేనా? నిజం చెప్పొద్దూ, నాకు ఆ మండలి మీద గౌరవం కలిగింది. నాకన్నా ఎక్కువ భయపడేవాళ్ళు లోకంలో ఉన్నారని, వాళ్ళకు ఒక మేడ, అందులో ఫ్యాన్లు, అటెండర్లు ఉన్నారని అప్పుడే తెలిసింది.

"వెళ్ళి నిజం చెప్పేస్తా" అంది నీరజ. "అది మచ్చ కాదు, మా అమ్మ పెట్టిన చుక్క అని."

"చెప్తే ఉద్యోగం పోయిద్ది. పెట్టుకుని పోదాం, ఉంటది."

"దొంగ మచ్చతో ఉద్యోగం చేయను నేను. రేపు ఏ రైతన్నా నా సంతకం నమ్మి విత్తనం చల్లుకోవాలి."

"నువ్వు చేరితేగా సంతకం!"

నేనన్నదాంట్లో తప్పేమన్నా ఉందా? కానీ అది తండ్రి పోలిక. గిన్నెలు తోముకోవడానికి వెళ్ళిపోయింది.

మొదటిసారి వెళ్ళినప్పుడు ముప్ఫై ఎనిమిది మంది ఉన్నారు. తల్లిదండ్రులను లోపలికి రానివ్వలేదు. నేను కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాను. సూపరింటెండెంటు దైవాధీనం గారు, సన్నటి మనిషి, లేచి గొంతు సవరించుకున్నారు.

"పరిశీలన నేడు ప్రారంభమగుచున్నది. అయితే పరిశీలించుటకు తగిన లెన్సు ఇంకను ఎంపిక కాలేదు. కావున పారదర్శకతకై లెన్సు ఎంపికయే మీ ఎదుట జరుగును."

సంగతేమంటే, విత్తనాలను దగ్గరగా ఫొటో తీయడానికి ప్రయోగశాల వారు ఒక లెన్సు అడిగారు. అభ్యర్థుల మొహాలు తీయడానికి సిబ్బంది విభాగం వారు ఇంకొకటి అడిగారు. ఒకే కార్యాలయానికి రెండు లెన్సులు కూడదు కాబట్టి, గింజకూ మొహానికీ పనికొచ్చే లెన్సు ఒకటే ఉండాలని పైనుంచి రాశారు. బజారులో ఫొటో స్టూడియో నడిపే మస్తాన్ వలి గారిని సలహాకు పిలిపించారు. ఆయన మూడు లెన్సులను, చంటిపిల్లల్ని చుట్టినట్టు, తువ్వాల్లో చుట్టి తెచ్చారు.

"ఇది అరవై మిల్లీమీటర్ల లెన్సు, ఇది నూరు, ఇది నూట ఎనభై" అని బల్ల మీద పెట్టారు మస్తాన్ గారు. "మూడిట్లో ఏదైనా మచ్చ తీయొచ్చు సార్. తేడా అంతా మనం ఎంత దూరంలో నిలబడతామనేదే."

"మనకు కావలసినది దగ్గరి ఫొటో. దగ్గరికి చిన్నది సరిపోవును. అరవై" అన్నారు దైవాధీనం గారు.

మస్తాన్ గారు అరవైని కెమెరాకు బిగించి, ముందు వరసలో గడ్డం మీద నిజమైన మచ్చ ఉన్న వినుకొండ అమ్మాయి దగ్గరికి వెళ్ళారు. వెళ్ళి, ఇంకా వెళ్ళి, నాలుగు వేళ్ళ దూరంలో ఆగారు. ఆ పిల్ల వెనక్కి వంగింది. కుర్చీ కూడా వంగింది.

"ఇదీ సార్ అరవై సంగతి. ఇంత దగ్గరికి పోవాలి. లెన్సు నీడ మచ్చ మీదే పడిద్ది. మొహం తీస్తే ముక్కు ముందుకొచ్చి చెవులు వెనక్కి పోతాయి. ఆడపిల్లలు ఊరుకున్నా వాళ్ళ నాన్నలు ఊరుకోరు."

కిటికీ బయటినుంచి నేను "ఊరుకోం" అన్నాను.

దైవాధీనం గారు వెంటనే రాసుకున్నారు: మహిళా గౌరవము దృష్ట్యా అరవై నిరాకరింపబడినది. "అయినచో గరిష్ఠ గౌరవము నూట ఎనభైలో కలదు కదా?"

నూట ఎనభై బిగించారు. మచ్చ బాగానే వచ్చింది. మొహం మొత్తం తీయమన్నారు. మస్తాన్ గారు వెనక్కి నడిచారు. బల్ల దాటారు, గుమ్మం దాటారు, వరండాలో నా పక్కకు వచ్చి నిలబడి కిటికీలోంచి గురిపెట్టారు.

"గౌరవం బాగానే ఉంది సార్," అని అక్కణ్ణుంచి కేకేశారు, "మనిషే అందట్లా."

"నూరు పెడితే?"

"జానెడు దూరంలో మచ్చ వచ్చిద్ది. నాలుగడుగులు వెనక్కేస్తే మొహం వచ్చిద్ది. ఉన్న ముక్కు ఉన్నట్టే ఉంటది. నేను ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళి ఫొటోలకి వాడేది అదే. పట్టుచీర జరీ తీసినా అదే, పెళ్ళికూతురి మొహం తీసినా అదే."

అంతలో మండలి కార్యదర్శి పరాంకుశం గారు వచ్చారు. అందరూ లేచారు. నేను నిలబడే ఉన్నాను కాబట్టి ఇంకొంచెం నిలబడ్డాను. ఆయన మూడు లెన్సులనూ చేత్తో బరువు చూశారు.

"అరవై అనగా ప్రథమశ్రేణి. నూట ఎనభై అనగా పరిధిని మించినది. నూరు అనగా నూటికి నూరు. ప్రభుత్వ పరిశీలనకు నూటికి నూరు ఉండుటే న్యాయము" అన్నారు. దైవాధీనం గారు చప్పట్లు కొట్టారు. మస్తాన్ గారు తువ్వాలు మడత పెట్టుకున్నారు. ఆయన చెప్పిన లెన్సే కొన్నారు కాబట్టి ఎందుకు కొన్నారో పట్టించుకోలేదు.

లెన్సు కొనేసరికి పన్నెండు రోజులు పోయాయి. రెండోసారి వెళ్ళిన రోజున ఫొటో ఎంత ఉండాలన్న ప్రశ్న వచ్చింది.

"మచ్చ ఎంత ఉన్నదో ఫొటోలో అంతే ఉండవలెను. ఒకటికి ఒకటి" అన్నారు దైవాధీనం గారు. "ఏ మాత్రము పెద్దదిగా చూపినను మండలి అతిశయోక్తికి పాల్పడినట్లగును."

"ఒకటికి ఒకటి అంటే కెమెరా లోపల సార్. కాయితం మీద పెద్దగా వేసుకోవాల, అందుకేగా ఈ లెన్సు" అని మస్తాన్ గారు చెప్పి చూశారు.

"కాగితముపై అంతే."

అంతే వేశారు. వినుకొండ అమ్మాయి గడ్డం మీది మచ్చ నువ్వుగింజంత ఉంటుంది. దాని ఫొటో నువ్వుగింజంత కత్తిరించి ఫారం మీద జిగురు పెట్టి అతికించారు. అది ఫొటోనో, ఈగ చేసిన పనో తెలియడానికి భూతద్దం కావాలి. భూతద్దం కొనడానికి ఫైలు పెట్టారు. ఈలోగా అటెండరు ఫ్యాన్ వేశాడు. ఆ రోజు తీసిన ఆరుగురి మచ్చలు గాలికి లేచి ఎటో పోయాయి. దైవాధీనం గారు తలుపులు మూయించి, "ఎవరును కదలరాదు! మీ కాళ్ళ కింద ప్రభుత్వ చిహ్నములు ఉన్నవి!" అని అరిచారు. ముప్ఫై ఎనిమిది మందీ చెప్పులు విప్పి అరికాళ్ళు చూపించి ఒక్కొక్కరే బయటికి రావాల్సి వచ్చింది. ఒక మచ్చ మా అమ్మాయి చెప్పుకు అంటుకుని దొరికింది. ఎవరిదో తేలలేదు. మచ్చ దొంగతనం కింద కేసు పెడతారేమోనని నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. పెట్టలేదు. సొంతదారు లేని మచ్చగా జమ చేసుకున్నారు.

ఆ తర్వాత పోస్టుకార్డంత ఫొటోలు వేసుకోవడానికి ఒప్పుకున్నారు. అప్పటికి నెలలో మిగిలినవి నాలుగు రోజులు.

ఇరవై ఏడో రోజు మా అమ్మాయి వంతు. తెల్లవారుజామునే లేచి కాటుక పట్టాను. పాత కాటుక భరిణే, పాత వేలు. నిద్రలో ఉండగానే దాని బుగ్గ మీద పెట్టేశాను. చేతికి చోటు ఇంకా గుర్తుంది. వేలు తనే వెళ్ళింది.

బస్సులో అద్దంలో చూసుకుందో ఏమో, జిల్లా బస్టాండులో దిగగానే కుళాయి దగ్గరికి వెళ్ళి సబ్బుతో మొహం కడుక్కుంది.

"అమ్మాయ్, నీకు దణ్ణం పెడతా. ఈ ఒక్క పూట ఉంచుకో."

"అమ్మా, అది నూరు లెన్సు. కాటుకో మచ్చో దానికి తెలియదా? రెండూ పోతాయి, ఉద్యోగమూ పోయిద్ది, మాటా పోయిద్ది. మాటన్నా ఉండనీ."

నేను భరిణెను కొంగున ముడేసుకున్నాను.

ఆ రోజు నన్ను కూడా లోపలికి రానిచ్చారు. మచ్చలకు సాక్షి కావాలట. నీరజ కుర్చీలో కూర్చుని, అడగకముందే చెప్పేసింది. "సార్, నా మోచేతి మీది మచ్చ నిజమైంది. బుగ్గ మీద మచ్చ లేదు. అది చిన్నప్పుడు మా అమ్మ పెట్టిన దిష్టి చుక్క. మాస్టారు పొరబాటున రాసుకున్నారు. నేను అప్పుడే చెప్పాల్సింది."

దైవాధీనం గారికి కోపం రాలేదు, ఆశ్చర్యం వచ్చింది.

"లేదని నీవు ఎట్లు చెప్పగలవు? నీవు మచ్చల విషయమున అధికారివా?"

"నా బుగ్గ సార్."

"బుగ్గ నీది. నిర్ధారణ మండలిది. మస్తాన్ గారూ, లేని మచ్చకు ఫొటో తీయుడు."

"లేనిదాన్ని ఎక్కడ తీయమంటారు సార్?"

"బుగ్గ మొత్తమున."

ఒకటికి ఒకటి తీస్తే ఒక ఫొటోలో సగం అగ్గిపెట్టెంత చోటే పడుతుందట. సుద్దముక్కతో బుగ్గ మీద గళ్ళు గీశారు. ఎనిమిది గళ్ళు. చూస్తే పిల్లలు తొక్కుడు బిళ్ళ ఆడుకునే గీతల్లా ఉన్నాయి. మస్తాన్ గారు ఒక్కో గడి తీసి పక్కనున్న తెర మీద వేస్తుంటే దైవాధీనం గారు కాగితం మీద రాసుకుంటున్నారు.

నేను ఆ తెర వైపు చూడలేకపోయాను. నా పిల్ల బుగ్గ పొలంలా ఉంది. గుంటలు, గట్లు, పీచులాంటి వెంట్రుకలు. నేను ఇరవై నాలుగేళ్ళుగా చూస్తున్న మొహంలో నాకు తెలియనివి ఇన్ని ఉన్నాయా?

"మూడవ గడిలో గుంట. ఇదేమి?"

"ఆటలమ్మ పోసిందండి, ఆరో ఏట" అన్నాను.

"ధ్రువపత్రమున లేదే! అనుమతి లేని చిహ్నము, ఒకటి. క్రమబద్ధీకరణకు ప్రత్యేకముగా దరఖాస్తు చేసుకొనవలెను."

రెండో గుంటకు రెండు అన్నారు. ఐదో గడిలో మొటిమ కనిపిస్తే, "ఇది తాత్కాలికమా, శాశ్వతమా?" అని అడిగారు. నీరజ "సోమవారానికి పోతుంది సార్" అంది. "సోమవారమున ఖాళీ అయినట్లు ధ్రువీకరించవలెను" అని రాసుకున్నారు.

ఆరో గడి దగ్గర మస్తాన్ గారి చెయ్యి ఆగింది. దీపం కొంచెం పక్కకు జరిపి మళ్ళీ తీశారు. మళ్ళీ చూశారు.

"అమ్మా, ఇట్రండి" అని నన్ను పిలిచారు. "ఇదేందో చెప్పండి."

తెర మీద, చర్మం లోపల, లేత గోధుమరంగులో గుండ్రంగా ఒక నీడ. మామూలు కంటికి కనపడదు. అద్దంలో కనపడదు. పదహారేళ్ళు రోజూ చూసుకున్న నాకే ఎప్పుడూ కనపడలేదు. అంచు ఒకవైపు కొంచెం జారి ఉంది. నా ఉంగరం వేలు కొంచెం వంకర. చిన్నప్పుడు రోకలి కింద పడింది. ఆ వంకర అక్కడ ఉంది.

"పదహారేళ్ళు ఒకేచోట కాటుక పెడితే చర్మం పట్టేసుకుందమ్మా," అన్నారు మస్తాన్ గారు మెల్లగా. "ఈ లెన్సు తప్ప ఇంకోటి దీన్ని చూడలేదు."

నీరజ తెర వైపు చూసింది, తర్వాత నా వేలు వైపు చూసింది.

దైవాధీనం గారు మాత్రం లేచి నిలబడ్డారు. "ఎడమ బుగ్గ. యథాస్థానము. లభించినది!"

"సార్, అది పుట్టుమచ్చ కాదు, కాటుక మరక" అంది నీరజ.

"అభ్యర్థి అభిప్రాయము అనవసరము. లేదని అభ్యర్థి చెప్పినది, ఉన్నదని లెన్సు చెప్పినది. లెన్సు నూటికి నూరు."

అలా మా అమ్మాయికి ఉద్యోగం ఖాయమైంది. తనకు మచ్చ లేదని రాతపూర్వకంగా వాంగ్మూలం ఇచ్చి, మచ్చ ఉన్నందువల్ల ఉద్యోగం పొందిన మొదటి అభ్యర్థి తనే అని ఫైలులో ఉంది.

బస్సులో తిరిగి వస్తూ, "అమ్మా, నేను నిజం చెప్పినందుకు వచ్చిందా, అబద్ధం నిజమైనందుకు వచ్చిందా?" అని అడిగింది.

"కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టు. ఎదురుగా లారీ" అన్నాను.

ఇంతటితో ఆగుతుందనుకున్నాను. కానీ మిగిలిన ముప్ఫై ఏడు మందిలో ముప్ఫై ఒక్కరికి సర్టిఫికెట్టులో ఉన్న మచ్చ ఒంటి మీద లేదు. ఊరూరా డ్రిల్లు మాస్టార్లు అన్నం గంటకు ముందే రాశారు మరి. ఆ ముప్ఫై ఒక్కరినీ తీసేస్తే తర్వాతి ముప్ఫై ఒక్కరిని పిలవాలి. వాళ్ళకూ డ్రిల్లు మాస్టార్లే రాశారు. ఇలా పిలుచుకుంటూ పోతే చివరికి జిల్లాలో ఎవరూ మిగలరని లెక్క తేలింది. మండలి అత్యవసరంగా సమావేశమై తీర్మానం చేసింది. మా అమ్మాయి దాన్ని చదివి వినిపించింది.

"ధ్రువపత్రము శాశ్వతము. ముఖము పరిణామశీలము. రెంటికిని విభేదము కలిగినపుడు పరిణామశీలమైనదే సవరింపబడవలెను. మచ్చలను పూర్వస్థితికి పునరుద్ధరించుటకు అనుభవజ్ఞులైన ఒకరిని తాత్కాలికముగా నియమించడమైనది."

ఆ అనుభవజ్ఞురాలు నేను. జిల్లా మొత్తంలో ప్రభుత్వ లెన్సు ఒప్పుకున్న మచ్చ పెట్టినది నేనొక్కదాన్నేనట.

మా ఆయన నవ్వి నవ్వి కూర్చుండిపోయారు. "రత్నం, ఏడో తరగతితో గవర్నమెంటులో చేరావు. నేను ఇరవై ఎనిమిదేళ్ళు బస్సుల కింద పడుకున్నా నాకు కుర్చీ ఇవ్వలా." మా అమ్మాయి మాత్రం తల పట్టుకుంది. ఎందుకంటే ఇక రోజూ ఆఫీసుకు దానితోపాటు నేనూ వెళ్ళాలి. పెద్దపిల్లను ఒంటరిగా బస్సెక్కించి గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలేమోనని నేను నెల రోజులుగా ఏడుస్తున్నాను. మండలి వారే దానివెంట వెళ్ళమని ఆర్డరు ఇచ్చారు. దేవుడు ఏ ముఖంతో వరమిస్తాడో తెలియదు.

ఇప్పుడు పది గంటలకు హాజరుపట్టీ పక్కన కాటుక భరిణెతో కూర్చుంటాను. ముప్ఫై ఒక్కరూ వరసగా వస్తారు. సర్టిఫికెట్టు చూసి, ఎవరికి ఎక్కడ ఉందో అక్కడ పెడతాను. ఒకరికి మెడ మీద, ఒకరికి మణికట్టు మీద, ఒక కుర్రాడికి డ్రిల్లు మాస్టారు ఏ కోపంలో ఉన్నారో, ముక్కు చివర. పెట్టాక అలవాటు కొద్దీ రెండు చేతులతో దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరుస్తాను. మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు మెటికలు విరవకపోతే కదలరు. సాయంత్రం మస్తాన్ గారు వచ్చి అన్నిటికీ ఫొటోలు తీస్తారు. ఆ లెన్సు కొన్న నాటి నుంచి ఒక్క విత్తనం మొహం కూడా చూడలేదు. ప్రయోగశాలలో మా అమ్మాయి గింజలను అరచేతిలో పోసుకుని, కిటికీ వెలుతురులో కంటితోనే చూస్తుంది. మొలకెత్తేవేవో చెబుతుంది. ఇంతవరకు తప్పలేదు.

పోయిన శుక్రవారం దైవాధీనం గారు ఒక సర్క్యులరు తయారుచేశారు. సమానత్వ సూత్రమును అనుసరించి, పాత సిబ్బంది కూడా పైనుంచి కిందిదాకా మచ్చల పరిశీలనకు రావాలని. దాని మీద పొద్దున సంతకం పెట్టినాయన కార్యదర్శి పరాంకుశం గారే.

మధ్యాహ్నం భోజనాల వేళ నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయన వచ్చారు. అటూ ఇటూ చూసి, బీరువా వెనక్కి రమ్మని సైగ చేశారు. నేను హడలిపోయాను. భరిణె పోయిందేమో, మా అమ్మాయికి ఏదో అయిందేమో, ఆటలమ్మ గుంటలకు దరఖాస్తు పెట్టలేదని తీసేస్తున్నారేమో అనుకుంటూ వెళ్ళాను.

ఆయన జేబులోంచి మడతలు పడి పసుపురంగు తిరిగిన కాగితం తీశారు. ఆయన పదో తరగతి సర్టిఫికెట్టు. కుడి కనుబొమ పైన పుట్టుమచ్చ, అని ఉంది. నేను ఆయన కనుబొమ వైపు చూశాను. నున్నగా ఉంది.

"మాది జిల్లా పరిషత్ పాఠశాలమ్మా," అన్నారు ఆయన, మొదటిసారి మనిషిలా. "ఆ రోజు మాకు రెండు తరగతులకి ఒకే మాస్టారు."

"దాందేముందండీ, ఇట్టా కూర్చోండి" అని స్టూలు జరిపాను. కనుబొమ పైన, ఎత్తుగా, బాగా చూసి పెట్టాను. తలమీద చేతులు తిప్పి మెటికలు విరిచాను. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అంత పెద్దాయన, లెన్సుల్ని బరువు తూచినాయన, ఎంత భయపడి ఉన్నాడో మెటికలు విరిచినప్పుడు తెలిసింది. నాకు జాలేసింది.

"మీ అమ్మాయికి వచ్చినట్లు లోపల పట్టుటకు ఎంతకాలము పట్టును?" అని అడిగారు, మళ్ళీ కార్యదర్శి అయిపోయి.

"పదహారేళ్ళు పట్టిందండి."

ఆయన కళ్ళు తెరిచారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు.

"నాకు ఉద్యోగ విరమణకు ఎనిమిదేళ్ళే ఉన్నవి."

పాపం, ఆ మొహం చూస్తే నాకే భయమేసింది. "కంగారు పడకండి బాబూ," అన్నాను భరిణె మూత పెడుతూ. "రోజుకు రెండుసార్లు పెడదాం."